సెరిబ్రల్ పాల్సీ ఉన్న పెద్దవాళ్లు ఆసుపత్రికి వెళ్లేదెలా?

పద్దెనిమిదేళ్లు నిండేదాకా సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకు వెళ్లడానికి ఏదో ఒక చోటు ఉంటుంది. బడి ఆవరణలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం, జిల్లా స్థాయిలో పిల్లల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే డీఈఐసీ, పుట్టినప్పటి నుంచి చూస్తున్న పిల్లల డాక్టరు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వర్తించేది పద్దెనిమిదేళ్ల వరకే. ఆ తర్వాత పిల్లల విభాగం ‘మీరు పెద్దవారయ్యారు’ అంటుంది, పెద్దల విభాగం ‘ఇది పిల్లల జబ్బు కదా’ అంటుంది. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో తెల్లవారుజామున బయలుదేరి వరంగల్ చేరిన మనిషికి ఓపీ కౌంటరు దగ్గర ఎదురయ్యే మొదటి ప్రశ్న కూడా అదే: చీటీ ఏ విభాగానికి రాయాలి?

నాకూ సెరిబ్రల్ పాల్సీ (సీపీ) ఉంది. మాట ముద్దగా వస్తుంది, చేతికర్రలతో నడుస్తాను. హనుమకొండలోనూ హైదరాబాద్‌లోనూ ఆసుపత్రుల చుట్టూ తిరిగి నేర్చుకున్నదీ, తోటివాళ్ల దగ్గర విన్నదీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఏ మందు ఎంత వేసుకోవాలో చెప్పే వ్యాసం కాదిది. డాక్టరు ముందు మనకు దొరికే ఆ కాసిని నిమిషాలు చేజారిపోకుండా ఏం చేయాలన్నదే ఇందులో ఉంది.

ముందుగా ఒక సంగతి. మెదడుకు జరిగిన నష్టం పుట్టుకకు ముందో, కాన్పులోనో, పసితనంలోనో జరిగిపోయింది. అది ఇక పెరగదు. కానీ ఆ మెదడు చెప్పినట్టు నడిచే ఒంటికి వయసు వస్తుంది. ఏళ్ల తరబడి బిగుసుకుని ఉన్న కండరాలు తుంటిని, మోకాలిని, వెన్నును ఒకే పక్కకు లాగుతూ ఉంటాయి. అందుకే నొప్పులు, కీళ్ల అరుగుదల, విపరీతమైన అలసట మనలో చాలామందిని తోటివారికన్నా ముందే పట్టుకుంటాయి. ‘సీపీ పెరగదు’ అనేది నిజం. ‘నిరుటికన్నా ఈ ఏడు కష్టంగా ఉంది’ అనేది కూడా అంతే నిజం. చిక్కంతా ఎక్కడంటే, మొదటి మాట డాక్టరుకు పుస్తకంలో కనిపిస్తుంది, రెండో మాటకు సాక్ష్యం మనమే తీసుకెళ్లాలి.

మొదట కాగితం రాయండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే, ఇంటి దగ్గరే చేయవలసిన పని. ఒక్క కాగితం, రెండు వైపులు. అంతకు మించితే ఎవరూ చదవరు. దాని పేరు, తీరు మీ ఇష్టం గానీ అందులో మీ మామూలు స్థితి ఉండాలి. అంటే ఒంట్లో బాగున్న రోజున మీరు ఏం చేయగలరు, ఏం చేయలేరు అన్నది. ఆ రోజు ఎలా ఉండేవారో తెలియని డాక్టరు ఈ రోజు మిమ్మల్ని చూస్తే, వంకర తిరిగిన చేయి, తడబడే నడక, ముద్దమాట అన్నీ ఒకే రాశిలో పోసేస్తారు. నిన్నగాక మొన్న వచ్చిన తిమ్మిరి కూడా ఆ రాశిలో కలిసిపోతుంది.

పైన రెండు వరుసల్లో మీ సీపీ వివరం: ఏ రకం, ఏ అవయవాల్లో, నడక, కదలికలను కొలిచే జీఎంఎఫ్‌సీఎస్‌లో ఎన్నో స్థాయి. ఈ కొలమానంలో అయిదు స్థాయులుంటాయి. ఏ ఊతం లేకుండా నడిచేవారిది ఒకటి, చక్రాల కుర్చీలో మరొకరు తిప్పవలసినవారిది అయిదు. మీది ఎన్నోదో తెలియకపోతే ఏ ఫిజియోథెరపిస్టునైనా అడగండి, చూసి చెబుతారు. దాని కింద, మీకు వర్తిస్తే, ‘మాట స్పష్టంగా రాదు, అన్నీ అర్థమవుతాయి, నిర్ణయాలు నేనే తీసుకుంటాను’ అని పెద్ద అక్షరాలతో రాయండి. ఈ వాక్యం చేసినంత మేలు నాకు చాలా మందులు చేయలేదు.

తర్వాత మార్పు. తేదీలు గుర్తుండవు గానీ పండుగలు గుర్తుంటాయి కదా, వాటితోనే రాయండి. ఉదాహరణకు: ‘బతుకమ్మ పండుగకు కిరాణా దుకాణం దాకా కర్రలతో ఆగకుండా వెళ్లాను. సంక్రాంతి నుంచి సగం దారిలో కూర్చోవలసి వస్తోంది. కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడం ఇప్పుడు కుదరడం లేదు.’ ఇలా రాస్తే డాక్టరు కలం ఆగుతుంది. ‘ఒళ్లంతా నొప్పులు, నీరసం’ అని రాస్తే విటమిను మాత్రలు వస్తాయి.

కాగితం వెనక వైపు మందులు, పాత ఆపరేషన్లు, ఫిట్స్ ఉంటే చివరిసారి ఎప్పుడు వచ్చాయి, తినేటప్పుడు పొలమారుతుందా, ఏ మందు పడదు అన్నవి. చిన్నప్పుడు మడమ వెనకో తుంటి దగ్గరో ఆపరేషన్ అయి ఉంటే ఏ సంవత్సరంలో అయిందో అమ్మనో నాన్ననో అడిగి ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఆ జ్ఞాపకం వాళ్లతోనే పోతే మళ్లీ దొరకదు.

మందుల్లో ఒకదాని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బిగుతు తగ్గడానికి బాక్లోఫెన్ వాడేవాళ్లు చాలామంది. దాన్ని ఉన్నట్టుండి ఆపకూడదు. ఒక్కసారిగా మానేస్తే బిగుతు రెట్టింపు కావచ్చు, జ్వరం, భ్రమలు, ఫిట్స్ దాకా రావచ్చు. ఊళ్లో మందుల దుకాణంలో అయిపోయిందనో, వేరే జబ్బుకు ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు మందుల చీటీలో రాయడం మరిచారనో ఆగిపోయే మందు ఇది. కనీసం వారానికి సరిపడా ఎక్కువగా దగ్గర పెట్టుకోండి. కాగితం మీద దాని పక్కన ‘ఆపరాదు’ అని రాయండి.

చివరగా, ఫోనులో వీడియో. ఆరు నెలలకోసారి ఇంటి వరండాలో నడిచేది, కుర్చీలోంచి లేచేది, గ్లాసు అందుకునేది తీయించి దాచుకోండి. నడక మారింది అని మీరు చెబితే ‘అలా అనిపిస్తుందిలే’ అన్న డాక్టరే, రెండు వీడియోలు పక్కపక్కన చూస్తే కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

ఏ తలుపు తట్టాలి

పెద్దవాళ్ల సీపీకి అని ప్రత్యేకంగా ఓపీ మన వైపు దొరకదు కాబట్టి బాధను బట్టి వెళ్లాలి. నడక, బిగుతు, ఊతకర్రలు, కుర్చీ, బిగుసుకున్న కండరాన్ని సడలించే బొటాక్స్ ఇంజెక్షన్ల సంగతులు చూడడానికి సరైనవారు ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్ డాక్టర్లు. వీళ్లు కొద్దిమందే. దొరికితే వదలకండి. బొటాక్స్ ప్రభావం సుమారు మూడు నెలలు ఉంటుంది. ఆ వ్యవధిలో ఫిజియోథెరపీ చేయకపోతే డబ్బు దండగ. ఫిట్స్, తిమ్మిర్లు, కొత్తగా వచ్చిన బలహీనత అయితే నరాల డాక్టరు. తుంటి, మోకాలు, వెన్ను అయితే ఎముకల డాక్టరు.

వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీకి అనుబంధమైన ఎంజీఎం పెద్దాసుపత్రి. విభాగాలు చాలా ఉంటాయి, ఒక విభాగం నుంచి మరో విభాగానికి దూరమూ ఉంటుంది. అందుకే చిన్న చిన్న బాధలకు మొదట మీ పల్లె దవాఖానాకో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో వెళ్లి అక్కడి డాక్టరుతో పరిచయం పెంచుకోండి. బీపీ, షుగరు, రక్తహీనత మనకూ వస్తాయి. సీపీ ఉంది కదా అని అవి మనల్ని వదిలిపెట్టవు, అయినా వాటిని మనలో వెతికేవారు తక్కువ. పెద్ద డాక్టరుకు రాసిచ్చే ఉత్తరం కూడా ఈ డాక్టరు చేతి మీదుగా వెళితే మీ మాటకు బరువు పెరుగుతుంది.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఓపీ రోజు కోసం ఆగకండి. చేతుల్లో కొత్తగా తిమ్మిరి, వస్తువులు జారిపోవడం, ఉన్న నడక వేగంగా తగ్గిపోవడం, మూత్రం ఆపుకోలేకపోవడం లేదా రాకపోవడం. ఇవి మెడ దగ్గర వెన్నుపాము నలుగుతున్నదనడానికి గుర్తులు కావచ్చు. మెడ, తల అదుపు లేకుండా కదిలే రకం సీపీ ఉన్నవాళ్లలో మెడ ఎముకలు తొందరగా అరుగుతాయి. దానికి మెడ ఎమ్మారై తీయాలి, ఆలస్యమైతే పోయిన శక్తి తిరిగి రాకపోవచ్చు. అలాగే తిన్నప్పుడల్లా పొలమారుతూ మళ్లీ మళ్లీ నిమ్ము చేస్తుంటే ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారుతోందేమో చూడమనండి. ఎక్కువగా నడవనివాళ్లు, ఫిట్స్ మందులు ఏళ్లుగా వాడేవాళ్లు ఎముకల బలం గురించి, విటమిన్ డి గురించి అడగాలి. మలబద్ధకం చెప్పుకోవడానికి సిగ్గుపడే బాధ గానీ, బిగుతు ఉన్నట్టుండి పెరగడానికి అదీ, మూత్రంలో ఇన్‌ఫెక్షనూ, పుచ్చిన పన్నూ కారణమైన సందర్భాలు ఎన్నో. బిగుతు పెరిగిందంటే మందు మోతాదు పెంచేముందు ఒంట్లో ఇంకెక్కడ ఏం నొప్పి పెడుతోందో వెతకమని అడగండి.

‘సీపీ కదా, అంతే’ అన్నప్పుడు

ఈ మాట వినని మనిషి మనలో ఉండరు. వాదించకండి, దానివల్ల నిమిషాలు పోతాయి. ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ‘సార్, సీపీ లేని మనిషి ఇదే బాధతో వస్తే మీరు ఏ పరీక్ష రాస్తారు?’ జవాబు వచ్చాక, ‘అదే నాకూ రాయండి’ అనండి. అవసరం లేదంటే, ఎందుకు అవసరం లేదో ఓపీ చీటీ మీద రాయమని వినయంగా కోరండి. కోపంగా అడిగితే పని చెడుతుంది. వినయంగా అడిగితే మాత్రం రాయడానికి ముందు వాళ్లే ఇంకోసారి ఆలోచిస్తారు.

కార్డులు

ఇది తొందరగా ముగిద్దాం. సదరం (వైకల్య) ధ్రువపత్రం, దివ్యాంగుల గుర్తింపు కార్డైన యూడీఐడీ కార్డు, ఆధార్, ఆహార భద్రత కార్డు, ప్రతిదానికీ రెండేసి జిరాక్సులు ఒక సంచిలో ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. అయితే అది జాబితాలోని చికిత్సలకే. మీకు రాసింది అందులో ఉందో లేదో చేరకముందే ఆరోగ్యమిత్రను అడగండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంటుంది. సీపీ ఉన్నవారికి వర్తిస్తుంది, ముందస్తు వైద్య పరీక్షలు అడగరు. ఏటా పునరుద్ధరించుకోవాలి, మరిచిపోతే ఆ ఏడాదికి లేనట్టే. బిల్లులు మీరు కట్టి తర్వాత తిరిగి పొందాలి కాబట్టి ప్రతి కాగితం అసలు ప్రతి దాచండి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ గురించి కూడా ఇక్కడే. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నింటిలో అడ్డంకులు లేని ప్రవేశం, చూడడంలో, చికిత్సలో ప్రాధాన్యం అని అందులో ఉంది. వరుసలో ముందుకు వెళ్లడం మీకు ఎవరో చేస్తున్న దయ కాదు. అయినా వెనక నిలబడిన ముసలావిడ గొణుక్కుంటుంది. ఆమెకు నమస్కారం పెట్టి ముందుకు వెళ్లండి.

వెళ్లే రోజు

పల్లెవెలుగు బస్సు మెట్ల ఎత్తు తెలిసినవాళ్లకు ఇది చెప్పనవసరం లేదు: ఆసుపత్రికి చేరేసరికే ఒంట్లో శక్తి సగం అయిపోతుంది. డబ్బు కలిసివస్తే వెళ్లేటప్పుడు ఆటో మాట్లాడుకుని, వచ్చేటప్పుడు బస్సు ఎక్కండి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. డాక్టరు ముందు మాట తేలిగ్గా రావాలంటే అలసట లేకుండా చేరాలి. మందులు వేళకు వేసుకునే వెళ్లండి. రక్త పరీక్షకు పరగడుపున రమ్మంటే, ఉదయం వేసుకునే ఫిట్స్ మాత్రల సంగతి ముందురోజే కనుక్కోండి. మరుగుదొడ్డి ఎక్కడుందో, కూర్చునేది ఎలాంటిదో చేరగానే చూసి రమ్మని తోడు వచ్చినవారికి చెప్పండి. మరుగుదొడ్డి భయంతో నీళ్లు తాగకుండా ఉండేవాళ్లు మనలో చాలామంది. ఆ అలవాటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్లకు దారి.

గది లోపల

డాక్టరు మీ వైపు చూడకుండా, ‘ఏమ్మా, బాబుకు ఏమవుతోంది?’ అని మీ అమ్మను అడుగుతారు. ఆ బాబుకు అప్పటికి ముప్ఫై నాలుగేళ్లు. అమ్మ అలవాటు కొద్దీ చెప్పడం మొదలుపెడుతుంది. ఇక మీరు గోడకు తగిలించిన క్యాలెండరు చూస్తూ కూర్చోవడమే.

దీనికి విరుగుడు ఇంటి దగ్గరే ఉంది. బయలుదేరేముందు తోడు వచ్చేవారితో ఒప్పందం చేసుకోండి. డాక్టరు వారిని అడిగితే వారు చెప్పవలసింది ఒక్కటే: ‘వాడినే అడగండి సార్, చెబుతాడు.’ అక్కో తమ్ముడో అయితే సులువుగా ఒప్పుకుంటారు. అమ్మలతోనే కష్టం. వాళ్లు ఇన్నేళ్లుగా మన తరఫున మాట్లాడి మాట్లాడి ఆ పని మన మీద ప్రేమలో భాగమైపోయింది. అందుకని వారికి వేరే పని ఇవ్వండి: డాక్టరు చెప్పింది రాసుకోవడం, మాట అర్థం కానప్పుడు మీరు సైగ చేస్తేనే తిరిగి చెప్పడం.

మీరు మాట్లాడేటప్పుడు మొదటి వాక్యం ఇలా ఉండనివ్వండి: ‘సార్, మాట నెమ్మదిగా వస్తుంది, అర్థం కాకపోతే మళ్లీ అడగండి.’ అర్థమైనట్టు తల ఊపేవారిని నమ్మవద్దు, ‘నేనేం చెప్పానో ఒకసారి చెప్పండి’ అని అడగడంలో తప్పేమీ లేదు. మాట అసలే రానివాళ్లు ఫోనులో టైపు చేసి వినిపించవచ్చు, ముందే రాసిన కాగితం ఇవ్వవచ్చు. అవును, కాదు అనే రెండింటికి మీ సైగలేమిటో కాగితం మీద రాసి ఉండాలి.

పరీక్ష చేసేటప్పుడు ముందుగా చెప్పి తాకమనండి. ఉలికిపాటు మన చేతిలో లేదు. చెప్పకుండా సూది గుచ్చితే చేయి ఎగిరిపడుతుంది, సిస్టర్‌కు కోపం వస్తుంది, ఇద్దరికీ తప్పులేదు. బిగుతు తక్కువగా ఉన్న చేతికి బీపీ చూడమనండి, వచ్చి కాసేపు కూర్చున్నాకే. ఎమ్మారైలో కదలకుండా ఉండలేమనుకుంటే తేదీ తీసుకునేటప్పుడే చెప్పండి, మత్తు ఇవ్వాలంటే వేరే ఏర్పాట్లు చేయాలి.

బరువు సంగతి ఒక తమాషా. నిలబడలేనివారికి బరువు చూసే యంత్రం చాలా ఆసుపత్రుల్లో ఉండదు, అంచనా వేసి రాసేస్తారు. ఆ అంచనా మీదే మందు మోతాదు లెక్కిస్తారు. మా వైపు ఊళ్లలో వడ్లు కొనే కేంద్రం దగ్గర ఎలక్ట్రానిక్ కాంటా ఉంటుంది. కుర్చీతో సహా దాని మీద ఎక్కి, తర్వాత ఖాళీ కుర్చీని తూచి తీసివేస్తే మీ బరువు వస్తుంది. హమాలీలు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ అంకె కాగితం మీద ఎక్కించండి.

ఆడవాళ్ల కోసం

సీపీ ఉన్న పెళ్లికాని అమ్మాయికి గైనకాలజిస్టుతో పనేమిటి అనుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పనుంది. రక్తస్రావం ఎక్కువైనా, నెలసరి రోజుల్లో బిగుతు, ఫిట్స్ పెరిగినా, రొమ్ములో గడ్డ తగిలినా అందరిలాగే చూపించుకోవాలి. కాళ్లు విడదీయడం కష్టమైతే పక్కకు తిరిగి పడుకున్న భంగిమలోనూ పరీక్ష చేయవచ్చు, అడగండి. ఎత్తు బల్ల ఎక్కడానికి ఇద్దరు ఆడమనుషుల సాయం ముందే మాట్లాడుకోండి. ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్ వాడుతూ పెళ్లి, పిల్లల ఆలోచనలో ఉన్నవారు డాక్టరుతో ఆ మాట ముందుగానే ఎత్తాలి. అది కడుపులోని బిడ్డకు హాని చేసే మందు. అయితే సొంతంగా మానేయకూడదు.

ఇంకొకటి. ‘నెలసరి బాధ ఎందుకు, గర్భసంచి తీయిస్తే పోతుంది కదా’ అనే సలహా చుట్టాల నుంచీ వస్తుంది, ఒక్కోసారి తెల్లకోటు నుంచీ వస్తుంది. పిల్లలు పుట్టకుండా చేసే ఏ చికిత్సా దివ్యాంగుల స్వేచ్ఛాపూర్వక సమ్మతి లేకుండా చేయరాదని 2016 చట్టం 10వ సెక్షన్ చెబుతోంది. సంతకం పెట్టవలసింది మీరు.

సంతకం మాట వచ్చింది కాబట్టి, ఇది అందరికీ. పద్దెనిమిది దాటిన మనిషికి సీపీ ఉన్నంత మాత్రాన సంరక్షకులు అక్కర్లేదు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమించేది నిజంగా అవసరమైనవారికే. చేతితో సంతకం రాకపోతే వేలిముద్ర చాలు. అంగీకార పత్రంలో ఉన్నది చదివి వినిపించమని అడిగాకే వేయండి.

చేరవలసి వస్తే

ఆపరేషన్ అయితే మత్తు డాక్టరును ముందే కలవాలని పట్టుబట్టండి. ఫిట్స్, పొలమారడం, పుల్లటి త్రేన్పులు, వాడే మందులు, మెడ ఎంత వంగుతుంది అన్నవి వారికి కావాలి. వార్డులో పిలుపు గంట నొక్కలేమంటే మంచం దగ్గర ఎవరైనా ఉండాలని కేస్ షీటులో రాయించండి. సొంత కర్రలు, కుర్చీ చేతికందే చోట ఉంచమనండి. కదలలేని స్థితిలో రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి. రాత్రిపూట ఈ పని మీ ఇంటివాళ్ల మీదే పడుతుంది, కాబట్టి ఒక్కరినే కాకుండా ఇద్దరిని వంతులవారీగా పెట్టుకోండి. తిండి మెత్తగా కావాలో, నీళ్లు చిక్కగా చేసి ఇవ్వాలో కూడా మంచం దగ్గరే రాసి అతికించండి. డిశ్చార్జి రోజున ఫిజియోథెరపీ ఎక్కడ, ఎన్నిసార్లు అన్నది కాగితం మీద లేకపోతే ఇంటికి వచ్చాక అది జరగదు.

ఇంటికి వచ్చాక, మాట దక్కకపోతే

ఆ రాత్రే మీ కాగితంలో కొత్త వివరాలు ఎక్కించండి. ఏ డాక్టరు ఏమన్నారు, ఏ మందు మారింది, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు. పాతదాన్ని పారేయకుండా వెనక గుచ్చండి. ఫోనులో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరికి పంపండి.

ర్యాంపు లేదని, లిఫ్టు పాడైందని, చూడకుండా పంపేశారని ఫిర్యాదు చేయాలంటే మొదట ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఇచ్చి రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. కదలిక లేకపోతే సోమవారం మీ జిల్లా కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి ఆ ముద్ర పడిన ప్రతితో వెళ్లండి. వరంగల్, హనుమకొండ వేరు వేరు జిల్లాలు, ఆసుపత్రి ఏ జిల్లాలో ఉందో చూసుకుని వెళ్లాలి. అక్కడా తేలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు అదే అర్జీ తపాలాలో పంపవచ్చు. అర్జీలో మీ కష్టాల చరిత్ర వద్దు. తేదీ, సమయం, ఏ గది, ఏం జరిగింది, ఏం కావాలి అన్నవి చాలు, అర పేజీలో సరిపోతాయి.